కొడవలి తుప్పు పడితే తప్పు ఇనుముదా, మనదా?

ఈసారి పోస్టు పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి గానీ, సగం చదివి మాత్రం తిట్టొద్దు.

మొన్న మన ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక తమ్ముడు ఫొటో పెట్టాడు. ఎర్రగా తుప్పు పట్టిన రెండు కొడవళ్ళు, పిడి ఊడిపోయిన కత్తి ఒకటి. కింద రాశాడు, "ఇనుము కాలం అయిపోయింది, కొలిమి దగ్గర చేయించుకోవడం దండగ, అందరూ స్టెయిన్‌లెస్ స్టీలువి తెప్పించుకోండి" అని. దానికి పాతిక మంది దాకా బొటనవేళ్ళు ఎత్తారు. అందులో నా ఈడువాళ్ళు కూడా ఉన్నారు. కొలిమి దగ్గర కూర్చుని తిత్తి లాగి పెరిగినవాళ్ళు. నాకు అదే బాధనిపించింది.

ఆ ఫొటో నేను పెద్దది చేసి చూశాను. కొడవళ్ళు ఆనించి పెట్టింది దేనికో ఎవరైనా చూశారా? పొటాష్ బస్తాకి. మూతి విప్పిన పొటాష్ బస్తాకి! ఉప్పు మూటలో ఇనుము పెట్టి, తుప్పు పట్టింది, ఇనుము మంచిది కాదు అంటే ఎట్లా తమ్ముడూ? పాలల్లో నిమ్మకాయ పిండి, ఈ గేదె పాలు విరిగిపోతున్నాయి, అమ్మేద్దాం అన్నట్టుంది.

నిన్నొక్కడినే అనడం లేదు. ఈ తప్పు నేనూ చేశాను. చెబుతాను వినండి.

2023 డిసెంబరు 5 గుర్తుందిగా. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు. కోతకొచ్చిన వరి పడుకుండిపోయింది, చేలో నీళ్ళు నిలబడ్డాయి. మర్నాటి నుంచి మనందరం మిషన్ల వెంట పడ్డాం. టైరు మిషనువాడు దిగబడిపోతుందని రానన్నాడు. చైను మిషనువాడు ఫోన్ ఎత్తడు. నీళ్ళలో తడుస్తున్న కంకి మన కోసం ఆగదు, మొలక వచ్చేస్తది. అప్పుడు గుర్తొచ్చింది కొడవలి.

మోటారు షెడ్డులో వెతికితే నాకు మూడు దొరికాయి. యూరియా బస్తాల వెనక, గోడకీ బస్తాకీ మధ్యలో. మూడూ ఎర్రగా పెచ్చులు కట్టి ఉన్నాయి. ఒకదాని కక్కు మొత్తం తుప్పు తినేసింది, అంచు మీద వేలు పెట్టి లాగినా తెగదు. ఆ మూడింట్లో ఒకటి మా నాన్న వాడినది. ఆయన పోయేదాకా ఆ కొడవలి మీద మచ్చ లేదు. నా చేతిలో పడ్డాక దానికి ఆ గతి పట్టింది. ఆ రోజు కూలికొచ్చిన ఒకావిడ దాన్ని చూసి, "ఏం బాబాయ్, కొడవలికి కుంకం పెట్టి పడుకోబెట్టావా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ రోజు కోతకొచ్చిన ఆడవాళ్ళంతా ఎవరి కొడవలి వాళ్ళే తెచ్చుకున్నారు. ఒక్కదానికి తుప్పు లేదు. ఆ కొడవళ్ళు ఎక్కడివి? మన ఆచారి గారి కొలిమివే. నావీ అక్కడివే. అదే కొలిమి, అదే కమాను పట్టీ, అదే సమ్మెట దెబ్బ. ఊరూ ఒకటే, గాలీ ఒకటే. వాళ్ళవి తళతళలాడతాయి, నావి పెచ్చులూడతాయి. మరి తేడా ఇనుములో ఉందా?

మధ్యాహ్నం అన్నాలకు లేచినప్పుడు వాళ్ళు ఏం చేస్తారో చూడండి. కొడవలిని గట్టు మీద పారెయ్యరు. కాస్త నీళ్ళలో జాడించి, చీర కొంగుకో గడ్డికో తుడిచి, ఆరినచోట పెడతారు. సాయంత్రం ఇంటికి తీసుకుపోతారు. అది వాళ్ళ కూడు. అది మొద్దుబారితే మణికట్టు నొప్పి వాళ్ళది, వెనకబడితే ముఠాలో మాట పడేది వాళ్ళు. మనకేమో అది షెడ్డులో పడి ఉండే సామాను. అంతే తేడా.

ఇహ వాదనల సంగతికి వస్తాను.

మొదటి వాదన, "పాత ఇనుము వేరు, ఇప్పుడంతా కల్తీ. పూర్వం తుప్పు పట్టేదే కాదు." దీనికి తోడు ఢిల్లీలో ఇనప స్తంభం ఫొటో ఒకటి. పదహారు వందల ఏళ్ళ నాటిది, ఎండకీ వానకీ నిలబడే ఉంది, నిజమే. దాని ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. దానివల్ల పైన పల్చటి పొర ఒకటి కట్టి కాపాడుతోందని శాస్త్రజ్ఞులు తేల్చారు. అది స్తంభం. దానితో ఎవరూ వరి కొయ్యలేదు. కోత కోసే ఉక్కు సంగతి వేరు.

మన తెలుగు నేల మీదే నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు కరిగించేవాళ్ళు. ఇరాన్ నుంచి వర్తకులు వచ్చి కొనుక్కుపోయిన ఉక్కు అది, పేరుపడ్డ కత్తులు చేసిన ఉక్కు. ఇంగ్లీషువాళ్ళు వూట్జ్ అన్నది మన ఉక్కు అన్న మాటనే అని చెబుతారు. అంత గొప్ప ఉక్కు కూడా తుడవకపోతే తుప్పు పడుతుంది. మ్యూజియాల్లో పాత కత్తులకు నూనె గానీ మైనం గానీ పట్టించి, తేమ తగలని అద్దాల బీరువాల్లో పెట్టేది అందుకే. రాజుల కత్తికి లేని మినహాయింపు మన కొడవలికి ఎక్కడి నుంచి వస్తది?

కల్తీ అని ఊరికే అనేవాళ్ళకి ఇంకో మాట. కల్తీ జరగదని కాదు, జరుగుతుంది. సంతలో అమ్మే కొన్ని కొడవళ్ళు మామూలు మెత్తటి ఇనుముతో చేసినవి. ఇల్లు కట్టే కడ్డీలో కర్బనం నూటికి 0.3 పాళ్ళ లోపే. లారీ కమాను పట్టీలో 0.5 నుంచి 0.6 దాకా ఉంటుంది. చూడ్డానికి చిన్న తేడాయే. ఆ తేడాతోనే ఎర్రగా కాల్చి నీళ్ళు పెడితే ఒకటి గట్టిపడుతుంది, ఒకటి పడదు. తెలుసుకోవడం కష్టం కాదు. సానరాయి చక్రానికి ఆనిస్తే కమాను పట్టీ నిప్పురవ్వలు చివర పూలు విచ్చినట్టు చీలిపోతాయి. మెత్తటి ఇనుము రవ్వలు పొడుగ్గా గీతల్లాగా పోతాయి, పూలు తక్కువ. ఇంకోటి, ఆకురాయి తీసుకుని అంచు మీద మెల్లిగా రుద్దండి. నీళ్ళు పట్టిన అంచు మీద ఆకురాయి జారుతుంది. మెత్తటి దాన్ని కొరికేస్తుంది. అంచులో గట్టిదనం ఉందా లేదా అన్నది ఇట్లా తెలుస్తుంది. తుప్పును బట్టి తెలియదు. రెండూ తుప్పు పడతాయి.

రెండో వాదన, "స్టెయిన్‌లెస్ అయితే ఏ గొడవా ఉండదు." ఉండదని ఎవరు చెప్పారు? అమ్మేవాడు చెప్పాడు. స్టెయిన్‌లెస్ అంటే అందులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటుంది. ఆ క్రోమియం పైన కంటికి కనపడని పొర కట్టి ఉక్కును కాపాడుతుంది. మంచి స్టెయిన్‌లెస్ కత్తులు లోకంలో ఉన్నాయి, కాదనను. ఆస్పత్రుల్లో డాక్టర్లు వాడేవి అవే. కానీ మన సంతలో వంద నూటయాభైకి వచ్చే రేకు కొడవలి ఆ జాతిది కాదు. పల్చన, మెత్తన. నేనూ ఒకటి కొన్నాను, దాచుకోవడం ఎందుకు. రెండు రోజులు గడ్డి కోస్తే అంచు మడత పడింది. నూరితే పదును వచ్చింది, మళ్ళీ పూటకే పోయింది. ఆచారి గారి దగ్గరికి తీసుకుపోతే ఆయన చేతిలో పట్టుకుని చూసి వెనక్కిచ్చాడు. "దీనికి నా కొలిమిలో నీళ్ళు పట్టవు, నా వల్ల కాదు" అన్నాడు. ఇప్పుడది మా పెరట్లో కోళ్ళ గూటి తలుపుకి గడియగా ఉంది. తుప్పు మాత్రం పట్టలేదు, ఒప్పుకుంటాను.

అయస్కాంతం పెట్టి చూస్తే అతుక్కుంది, కాబట్టి ఇది దొంగ స్టెయిన్‌లెస్ అని ఇంకొకాయన వాదించాడు. అదీ తప్పే. అన్నం తినే కంచానికి అయస్కాంతం సరిగ్గా అతుక్కోదు గానీ, గట్టిపరిచి కత్తులు చేసే రకం స్టెయిన్‌లెస్‌కి అతుక్కుంటుంది. అయస్కాంతంతో కత్తి మంచీ చెడూ తేలదు.

స్టెయిన్‌లెస్ ఎక్కడ మంచిదో అదీ చెప్పాలి. రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళు, రోజంతా ఉప్పు నీళ్ళలో చెయ్యి పెట్టేవాళ్ళు అదే కొనుక్కోండి. కడిగి ఆరబెట్టడం మాత్రం మానకండి, ఉప్పు దానికీ సన్న సన్న గుంటలు పెడుతుంది. ఇంట్లో నిమ్మకాయలు, టమాటాలు కోసుకునే చిన్న చాకు స్టెయిన్‌లెస్‌ది ఉంటే ఏ నష్టమూ లేదు. వరి, గడ్డి, జొన్న చొప్ప, కంప, కొబ్బరాకు, వీటికి మాత్రం గట్టి ఉక్కు కావాలి, చేలో గట్టు మీద కూర్చుని రాయి మీద నాలుగు రుద్దులు రుద్దితే పదును రావాలి. అది కొలిమి కొడవలికే వస్తుంది.

ఇప్పుడు తుప్పు ఎందుకు పడుతుందో చెబుతాను. ఇంటర్లో చదివింది కొంత, చేతులు కాల్చుకుని నేర్చుకుంది ఎక్కువ.

ఇనుముకి నీళ్ళూ గాలీ రెండూ తగలాలి. ఏ ఒక్కటి లేకపోయినా తుప్పు రాదు. ఉప్పు ఉంటే అదే పని చాలా తొందరగా జరుగుతుంది. మన వైపు సముద్రపు గాలిలోనే ఉప్పు ఉంది. ఇంక ఎరువులు. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడు, మన కూర ఉప్పుకి వరసకి అన్నదమ్ముడు. యూరియా మూతి విప్పి వదిలేస్తే వానాకాలం గాలిలో తేమ లాక్కుని గడ్డకట్టడం మీరు చూసేదే. ఆ తేమ బస్తా పక్కన ఏది ఉంటే దానికి అంటుతుంది. అందుకే ఎరువుల షెడ్డులో పెట్టిన ఇనుము అన్నిటికంటే ముందు పోతుంది. మందు కొట్టే స్ప్రేయరు పక్కన పెట్టడం కూడా అంతే.

తుప్పుకి ఇంకో గుణం ఉంది. రాగి చెంబు మీద మకిలి పట్టి ఆగిపోతుంది. ఇనుము మీద తుప్పు ఆగదు. అది గుల్లగా ఉంటుంది, తేమను పట్టుకుంటుంది, కింద ఇనుమును తింటూనే పోతుంది. పైగా ఉబ్బుతుంది. మన స్లాబుల్లో కడ్డీ తుప్పు పట్టి ఉబ్బితే సిమెంటు పెచ్చులు రాలడం చూడలేదా? కొడవలి మీద కూడా అదే జరుగుతోంది. కాబట్టి "కొంచెమే కదా, కోతలప్పుడు చూద్దాం" అనుకోవడానికి లేదు.

మన పెద్దవాళ్ళు ఏ నూనె రాశారు, ఏ శాస్త్రం చదివారు, వాళ్ళ కొడవళ్ళు ఎందుకు బాగున్నాయి అని అడగొచ్చు. నేనూ చాలా ఆలోచించాను. వాళ్ళు కొడవలి ఎక్కడ పెట్టేవాళ్ళు? చూరులో దోపేవాళ్ళు. తాటాకిల్లు, పక్కనే వంట పొయ్యి. రోజుకి రెండు పూటలా పొగ, వేడి. ఆ చూరు ఎప్పుడూ పొడిగా ఉండేది. పైగా పొగమసి జిడ్డులాగా పట్టేది. వాళ్ళకి తెలిసి చేశారో అలవాటుగా చేశారో గానీ, రోజూ పొగే వాటికి కాపలా కాసింది. ఇప్పుడు మనకు చూరూ లేదు, పొయ్యీ లేదు. స్లాబు ఇల్లు, గ్యాసు. పొగ చేసిన పని మనం చేత్తో చెయ్యాలి. దానికి నూనె గుడ్డ చాలు.

పని పెద్దదేం కాదు. చేలో పని అయ్యాక మట్టీ పసరూ ఎండకముందే కడగండి. పసరు ఎండితే తేమను పట్టుకుంటుంది. కడిగాక పొడి గుడ్డతో తుడవండి, కాసేపు ఎండలో పెట్టండి. తర్వాత నూనె గుడ్డతో అటూ ఇటూ ఒక్కసారి లాగండి. కారేట్టు పుయ్యక్కర్లేదు, పల్చగా చాలు. అంతా కలిపి రెండు నిమిషాల పని. బీడీ కాల్చినంత సేపు కూడా పట్టదు.

ఏ నూనె అని అడుగుతారు. రోజూ వాడే వాటికి ఏదైనా ఒకటే. సీజను అయిపోయి నెలల తరబడి పక్కన పెట్టేవాటికి పొద్దుతిరుగుడు నూనె వద్దు, కొన్నాళ్ళకు జిగురులాగా అంటుకుంటుంది. ఆముదం ఎండదు, జిగురు కట్టదు, అది మంచిది. కొబ్బరి నూనె కూడా పర్వాలేదు. పలుగు, పార, గొడ్డలికి గ్రీజు పల్చగా పూసినా సరిపోతుంది. మోటారులో తీసేసిన పాత ఇంజనాయిలు మాత్రం కొడవలికీ కత్తిపీటకీ రాయొద్దు. అందులో ఉండే మలినాలు చర్మానికి మంచివి కావు, కత్తిపీట అయితే తిండిలోకే పోతాయి.

గోనెపట్టాలో చుట్టిపెట్టడం మానండి. గోనె తేమ పీల్చుకుంటుంది. తోలు ఒరలో నెలల తరబడి ఉంచడమూ అంతే. బూడిదతో తోమడం మంచి అలవాటే గానీ, తోమి అట్లాగే వదిలెయ్యొద్దు. కట్టెల బూడిదలో కూడా పొటాషే ఉంది, అది కూడా గాలిలో తేమ లాగుతుంది. తోమాక కడిగి తుడిచెయ్యాలి.

ఇప్పటికే తుప్పు పట్టినవాటిని పారెయ్యకండి. పైపైన ఉంటే ఇటుక పొడి వేసి గోనె ముక్కతో రుద్దితే పోద్ది. గట్టిగా పట్టి ఉంటే చిక్కటి చింతపండు పులుసులో అరగంటో గంటో ఉంచి, పీచుతో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, వెంటనే తుడిచి నూనె రాయండి. రాత్రంతా పులుసులో వదిలేస్తే పులుపు మంచి ఇనుమును కూడా తింటుంది. నేను వదిలేశాను ఒకసారి, అందుకని చెబుతున్నా.

పిడి గురించి ఒక్క మాట. పిడి వదులైతే మనం చేసే పని ఏమిటి? రాత్రికి నీళ్ళ తొట్టిలో పడేస్తాం. పొద్దునకు కర్ర ఉబ్బి బిగుస్తుంది, భలే అనుకుంటాం. లోపల ఏం జరుగుతోంది? పిడిలోకి దిగిన ఇనప ముక్కు ఆ తడిలోనే ఉంటుంది. నాలుగు రోజులకు కర్ర ఎండి మళ్ళీ వదులు, మళ్ళీ తొట్టి. రెండేళ్ళకు పైన కొడవలి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ముక్కు మాత్రం పుల్ల అయిపోతుంది. ఒకరోజు కంప నరుకుతుంటే కత్తి ఎగిరి పక్కవాడి కాలి మీద పడుతుంది. గొడ్డలి సంగతి చెప్పక్కర్లేదు. పిడి ఊడదీసి ఆరబెట్టి, చీల కొట్టి బిగించండి. లేదంటే ఆచారి గారి దగ్గర లక్క వేయించి పొన్ను బిగించండి.

ఇంకో పాపం మిషన్ సాన. సైకిల్ మోటారు మీదొచ్చే సానవాడు కొత్తగా గ్రైండరు పట్టుకొస్తున్నాడు. రవ్వలు ఎగురుతుంటే మనకు ముచ్చట. పల్చటి అంచు ఆ వేడికి నీలం రంగు తిరిగిందా, అక్కడ నీళ్ళు దిగిపోయినట్టే. ఆచారి గారు పదును పెట్టేటప్పుడు అంచు ఎండుగడ్డి రంగుకి రాగానే ఆపేస్తాడు. ఆ రంగు దాటి నీలంలోకి పోతే 300 డిగ్రీల దాకా కాలినట్టు, ఉక్కు మెత్తబడుతుంది. తర్వాత పూటపూటకీ మొద్దుబారుతుంటే మళ్ళీ తిట్టేది ఎవరిని? కొలిమిని. రాయి మీద నీళ్ళు చల్లుకుంటూ చేత్తో నూరుకోండి. కక్కు కొడవలి అయితే కక్కు ఉన్న ముఖాన నూరొద్దు, పళ్ళు అరిగిపోతాయి. కక్కు లేని రెండో ముఖాన ఆనించి నూరాలి. పళ్ళు మరీ అరిగితే కక్కు కొట్టించుకోవాలి, అది ఆయన పనే.

ఇంట్లో కత్తిపీట సంగతి మా ఇంటావిడ రాయమంది. ఆవకాయ కత్తిపీట ఏడాదికి ఒక్కసారి దిగుతుంది అటక మీద నుంచి. వేసవిలో నాలుగు రోజులు పని, మళ్ళీ అటక. మామిడి పులుపుకి అది నల్లబడుతుంది, ముక్కల అంచులకు కూడా కాస్త నలుపు అంటుతుంది. నాలుగు కాయలకు ఒకసారి తుడుస్తూ కొడితే అంటదు. కొట్టడం అయ్యాక పులుపు పోయేట్టు కడిగి, ఆరబెట్టి, ఆముదం పూసి, కాగితం చుట్టి పెట్టాలి. రోజువారీ కత్తిపీట మీద వచ్చే నలుపుని చూసి తుప్పు అని గాబరా పడొద్దు. నలుపు వేరు, ఎరుపు వేరు. ఆ నల్లటి పొర అంటిపెట్టుకుని ఉంటుంది, ఇనుముకి కొంత కాపుదల కూడా. దాన్ని రోజూ గీకి తెల్లగా చెయ్యాలని చూడకండి. వేలికి ఎర్రగా పొడి అంటితేనే తుప్పు. ఈ రెండూ తెలియక మా మరదలు బంగారం లాంటి కత్తిపీటను పాతసామాన్లవాడికి వేసి ప్లాస్టిక్ జల్లెడ తెచ్చుకుంది. ఆ జల్లెడ పగిలిపోయి కూడా చాలాకాలమైంది.

తుప్పు కోసుకుంటే ధనుర్వాతం వస్తుందని భయపెట్టి ఇనుము మానిపించేవాళ్ళూ ఉన్నారు. తుప్పులో ధనుర్వాతం లేదు. దాని క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. తుప్పు గుంటల్లో మట్టి నిలుస్తుంది కాబట్టి ఆ మాట వచ్చి ఉంటుంది. చేలో తెగితే స్టెయిన్‌లెస్ అయినా, రాయి అయినా, ముల్లు అయినా ఒకటే. కడుక్కుని ఆస్పత్రికి పోయి ఇంజెక్షను సంగతి అడగండి. కొత్త కత్తే కదా అని ఇంట్లో కూర్చోవద్దు.

ఇదంతా ఒక ఎత్తు. నాకు అసలు కోపం వచ్చిన విషయం వేరే ఉంది.

గ్రూపులో అన్ని బొటనవేళ్ళు ఎత్తారే, ఆ గ్రూపులో ఆచారి గారి అబ్బాయి కూడా ఉన్నాడని ఎవరికైనా గుర్తుందా? ఆ అబ్బాయి ఏమీ రాయలేదు. రాత్రి మా ఇంటి ముందు నుంచి పోతూ, "బాబాయ్, సంక్రాంతి తర్వాత నాన్న కొలిమి తీసేద్దాం అంటున్నాడు. నేను టౌనులో వెల్డింగు షాపులో కుదిరాను" అన్నాడు. మీ అందరి ముందూ చెప్పలేక నాకు చెప్పాడు.

ఒకప్పుడు కల్లంలో మేర ఇచ్చేవాళ్ళం. ఏడాదంతా కర్రు సాగేసినందుకు, కొడవలికి కక్కు కొట్టినందుకు, ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్ళం. ఆ పద్ధతి గొప్పదని నేను అనను. మనం ఎంతిస్తే అంత అని ఆయన చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేది, అందులో అవమానం కూడా ఉంది. పోయిందే మంచిది. కానీ దాని బదులు ఏం పెట్టాం? కర్రు పోయి ట్రాక్టరు వచ్చింది, కోతకి మిషను వచ్చింది. ఆయనకు మిగిలింది గడ్డి కొడవళ్ళు, కత్తులు, పారలు, గొడ్డళ్ళు. దానికీ ఇరవై రూపాయల దగ్గర బేరం. బొగ్గు ధర ఎంత ఉందో తెలుసా అసలు? సెల్ ఫోను గ్లాసు పగిలితే అడిగినంత ఇచ్చి వస్తాం. కక్కు కొట్టడానికి ముప్పై అంటే "అంతా?" అంటాం. ఒక్కో పన్నూ ఉలితో చేత్తో కొట్టాలి.

మళ్ళీ తుపాను రాదా? మన తీరానికి ప్రతి ఏడూ కార్తీకం, మార్గశిరం భయమే. వరి పడిపోయిన రోజు మిషను దిగకపోతే, కొలిమి కూడా లేకపోతే, ఆ కూలికొచ్చే ఆడవాళ్ళు కొడవలికి కక్కు ఎక్కడ కొట్టించుకుంటారు? టౌను వెల్డింగు షాపులోనా? వెల్డింగు చేసేవాడు అతుకు పెడతాడు గానీ నీళ్ళు పెట్టడు. ఆ విద్య ఆచారి గారి కంట్లో ఉంది. అంచు ఏ రంగుకి వస్తే ఆపాలో ఆయన చూపు చెబుతుంది. అది కాగితం మీద రాసి దాచుకునేది కాదు. ఆ అబ్బాయికి సగం వచ్చు, మిగతా సగం నేర్చుకోవడానికి పని ఉండాలి కదా.

"అయితే మేమేం చెయ్యాలి, కొలిమికి చందాలు వెయ్యాలా?" అని ఎవరో ఒకరు రాస్తారు, నాకు తెలుసు. చందా వద్దు. ఆయన తీసుకోడు కూడా. మీ షెడ్డుల్లో ఉన్న తుప్పు సామాను బయటికి తియ్యండి చాలు. ఇంటికి మూడు కొడవళ్ళు, ఒక గొడ్డలి, రెండు పారలు అనుకున్నా ఈ ఊళ్ళో ఉన్న పని ఆయనకు ఆరు నెలలు సరిపోతుంది. అడిగిన కూలి ఇవ్వండి. బేరం ఆడాలని చెయ్యి దురద పెడితే ఎరువుల కొట్లో ఆడి చూడండి, అక్కడ ఒక్కరూ నోరెత్తరుగా.

ఆచారి గారితో మాట్లాడాను. వచ్చే ఆదివారం పొద్దున్నే కొలిమి వెలిగిస్తున్నాడు, పొద్దుగూకేదాకా ఉంటాడు. కక్కు కొట్టడం, సాగెయ్యడం, పిడి వెయ్యడం, అన్నీ చేస్తాడు. పిడులకు నల్లతుమ్మ కర్ర నా దగ్గర ఎండినది ఉంది, కావలసినవాళ్ళు తీసుకోండి. డబ్బులక్కర్లేదు. ఆముదం సీసా ఒకటి, పాత పంచె గుడ్డలు నేను తెస్తాను. మా నాన్న కొడవలి కూడా తెస్తున్నాను. కక్కు తిరిగి పడుతుందో లేదో కొలిమిలో పెట్టి చూస్తేగాని చెప్పలేనన్నాడు ఆచారి గారు.

ఫొటో పెట్టిన తమ్ముడూ, నీ మీద నాకు కోపం లేదు. ఆ రెండు కొడవళ్ళూ పారెయ్యకుండా పట్టుకురా. పిడి ఊడిన కత్తి కూడా తీసుకురా, ఫొటోలో చూస్తే దాని ఇనుము మంచిదే అనిపించింది. వచ్చే ముందు ఆ పొటాష్ బస్తా మూతి కట్టెయ్యి.